మీకు షికారు, మాకు సోదా

సాయంత్రం పూట నాలుగు వీధులు తిరిగి రావడం ఎవరికైనా హాయిగానే ఉంటుంది. పొద్దంతా పని చేసి అలసిన మనిషికి అంతకంటే చవకైన సుఖం లేదు. జేబులో డబ్బుల్లేకపోయినా కాళ్లుంటే చాలు అంటారు. అట్లా అనేవాళ్లు ఒక్కసారి మాతో నడిచి చూడాలి. ఈ దేశంలో నడకకు కూడా మతం ఉంది. ఏ గల్లీలో ఎవరు తిరిగితే షికారు, ఎవరు తిరిగితే అనుమానాస్పద సంచారం అన్నది పేరును బట్టి, గడ్డాన్ని బట్టి, బురఖాను బట్టి తేలుతుంది.

రంజాన్ నెలలో మగ్రిబ్ అజాన్ వినిపించే వేళకు హైదరాబాద్ నగరం సగం చార్మినార్ దగ్గరే ఉంటుంది. మంచిదే. రండి. హలీం తినండి, లాడ్ బజార్‌లో గాజులు కొనండి, పత్తర్‌గట్టి రాతి కమాన్ల కింద ఫొటోలు దిగండి. మా ఇంటికి వచ్చిన మనిషిని వెనక్కి పంపడం మాకు తెలియదు. కానీ మిత్రులారా, మీరు చూసిపోయేది ఏమిటి? కమాను, మినార్, అత్తరు సీసా, బిర్యానీ పళ్లెం. వాటి మధ్య తిరుగుతున్న మనుషులు మీ కంటికి ఆనతారా? లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పత్రికలన్నీ రాశాయి. ఆ లక్కను నిప్పుల మీద కరిగించి, గాజు చుట్టి, దాని మీద ఒక్కొక్క రాయి పొదిగేది గల్లీ లోపల ఒంటిగది ఇంట్లో కూర్చున్న మా ఆడవాళ్లు. బజార్లో మెరిసే గాజుకు గుర్తింపు దొరికింది. దాన్ని చేసిన చేతికి దొరికింది మాత్రం వేడికి కాలిన వేళ్లు, జత లెక్కన కట్టే కూలి.

ఇంటికి వెళ్లాక మీరు చెప్పేదేమిటో కూడా మాకు తెలుసు. 'ఆహా, ఏం నవాబీ సంస్కృతి! ఏం తహజీబ్!' అంటారు. ఎవరి నవాబీ? మా తాతలు రిక్షాలు తొక్కారు, దూది ఏకారు, గుర్రాలకు లాడాలు కొట్టారు, దేవ్‌డీల్లో ఊడ్చారు. సైకిళ్లకు పంక్చర్లు వేసే మా అన్నదమ్ముడి భుజాన మీరు కప్పుతున్న నవాబు శాలువా మాది కాదు. అది మా పేదరికాన్ని కప్పిపెట్టడానికి మాత్రం పనికొస్తుంది. గతంలో ఏలినవాళ్లు కదా, ఇప్పుడు ఏ బాధ లేదులే అనిపించడానికి పనికొస్తుంది. రాజుల పేరు చెప్పి కూలివాణ్ణి మెచ్చుకోవడం, రాజుల పేరు చెప్పి కూలివాణ్ణి తిట్టడం, రెండూ ఒకే పని. మొదటిది మర్యాదగా ఉంటుంది, అంతే తేడా.

సరే, మీ షికారు అయిపోయింది. ఇప్పుడు మా షికారు సంగతి వినండి.

నదికి ఈ పక్కనుంచి ఆ పక్కకు వెళ్దాం. మూసీ మీద 1578లో కట్టిన పురానాపూల్ ఇంకా నిలబడే ఉంది. దాటితే ఊరంతా మా వాళ్ల పేర్లే. ఖైరతాబాద్ ఖైరతున్నీసా బేగం పేరు. మాసాబ్ ట్యాంక్ మాసాహెబాగా పిలిపించుకున్న హయాత్ బక్షీ బేగం తవ్వించిన చెరువు పేరు. హయత్‌నగర్ కూడా ఆమెదే. బేగంపేట రెండో నిజాం కూతురు బషీరున్నీసా బేగం పేరు. హిమాయత్‌నగర్ ఏడో నిజాం పెద్దకొడుకు హిమాయత్ అలీ ఖాన్ పేరు. ఏసీగార్డ్స్ అంటే ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్. సముద్రం దాటి వచ్చి ఇక్కడే మట్టయిపోయిన ఆఫ్రికా సిపాయిల బస్తీ అది. ఇటు నదికి దక్షిణాన బార్కాస్ అంటే బ్యారక్స్. హజ్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిలు కాపురముండిన చోటు.

ఈ పేర్లు పలుకుతూ రోజూ లక్షల మంది బస్సులెక్కుతారు, దిగుతారు. పేరును నోట్లో పెట్టుకుని తిరగడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ పేరున్న మనిషి అద్దెకు రెండు గదులు అడిగితేనే అభ్యంతరం. పేటకు బేగం పేరు ఉండవచ్చు. ఆ పేటలో అపార్టుమెంటు గంటల ప్యానెల్ మీద మాత్రం ఏ బేగం పేరూ ఉండకూడదు!

మా వాళ్లలో కొత్తగా పెళ్లయిన జంటలు, పట్నంలో ఉద్యోగం దొరికిన పిల్లలు సాయంత్రాలు చేసే నగర సందర్శనం పేరు ఇల్లు వెతుక్కోవడం. టులెట్ బోర్డు కనిపిస్తుంది. ఫోన్ చేస్తే తెలుగు శుభ్రంగా ఉంది కాబట్టి రమ్మంటారు. ఇల్లు చూపిస్తారు. అడ్వాన్సు మాట్లాడతారు. 'ఇంతకీ మీ పేరేంటన్నారు?' అక్కడ ఆగుతుంది. 'మా అబ్బాయిని ఒకమాట అడగాలండీ', 'నిన్ననే ఎవరికో మాటిచ్చామండీ', 'మాకేం లేదు గానీ పక్కవాళ్లు ఒప్పుకోరండీ.' ఈ మూడు వాక్యాలు మా వాళ్లు ఎన్నిసార్లు విన్నారో లెక్క లేదు. 'మాకేం లేదు గానీ' అన్న మాటలోనే ఈ దేశపు లౌకికవాదంలో సగం దాగుంది.

ఇంకొందరు మర్యాదస్తులుంటారు. మతం ఎత్తరు. 'నాన్‌వెజ్ తింటారా?' అని అడుగుతారు. ఇక్కడ నవ్వాలో ఏడవాలో తెలియదు. 2014 నాటి భారత ప్రభుత్వ నమూనా సర్వేలో తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో 98 శాతానికి పైగా మాంసాహారులని తేలింది. ఆదివారం పొద్దున మటన్ దుకాణం ముందు వరసలో నిలబడి 'బొక్కలు వద్దు, మెత్తటి ముక్క వెయ్ భాయ్' అనే పెద్దమనిషే సాయంత్రానికి ఇంటి ముందు శాకాహార బోర్డు పెడతాడు. ఆ బోర్డు కూర గురించి మాట్లాడడం లేదు. మా గురించీ, దళితుల గురించీ మాట్లాడుతోంది. మాకు పేరుతో తెలిసిపోతుంది కాబట్టి ఒక్క ప్రశ్నతో సరిపోతుంది. దళితుణ్ణి ఇంటిపేరు అడుగుతారు, ఊరడుగుతారు, ఊళ్లో ఏ వీధి అని అడుగుతారు. ఊరి చివర వాడను పట్నం దాకా మోసుకొచ్చే ప్రశ్నలవి. అందుకే ఈ విషయంలో మేమూ దళితులూ ఒకే టులెట్ బోర్డు కింద నిలబడి ఉన్నాం. ఇది గుర్తించకుండా ఏ అస్తిత్వ పోరాటమూ ముందుకు పోదు.

ఇది మా మనసులో పుట్టిన అనుమానం అనేవాళ్లున్నారు. 2006లో సచార్ కమిటీ తన నివేదికలో ముస్లింలకు ఇల్లు అద్దెకు దొరకడం, కొనుక్కోవడం కష్టమవుతోందనీ, భద్రత కోసం ఒకేచోట కుదించుకుపోతున్నారనీ రాసింది. ఢిల్లీ పరిసరాల్లో ఇళ్ల కోసం ఒకే ప్రశ్నలు అడుగుతూ వేర్వేరు పేర్లతో ప్రయత్నించి చూసిన సుఖదేవ్ థోరాట్ బృందం పరిశోధన 2015లో వచ్చింది. అగ్రకుల పేరున్నవాళ్లకు దాదాపు అన్నిచోట్లా తలుపు తెరుచుకుంది. దళిత పేరుకూ ముస్లిం పేరుకూ మూసుకుంది, లేదా ఎక్కువ అద్దె, ఎక్కువ షరతులు వచ్చాయి. ముస్లిం పేరుకు మరీ ఎక్కువగా.

చట్టం ఏమంటుంది? రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు చదవండి. దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, రోడ్లు, వీటిలో మతాన్ని బట్టీ కులాన్ని బట్టీ ఎవరినీ అడ్డుకోరాదని ఉంది. అందులో అద్దె ఇల్లు లేదు. దేశంలో ఎక్కడైనా నివసించవచ్చని 19వ అధికరణం చెబుతుంది, కానీ ఇంటి యజమాని గుమ్మం దగ్గర అది చెప్పులు విడిచి బయటే నిలబడుతుంది. పైగా 2005లో సుప్రీంకోర్టు ఒక పార్సీ గృహ నిర్మాణ సహకార సంఘం కేసులో, సభ్యత్వాన్ని తమ మతస్తులకే పరిమితం చేసుకునే నియమం చెల్లుతుందని తీర్పు చెప్పింది. చిన్న సమాజం తనను తాను కాపాడుకోవడానికి వేసుకున్న గోడ అది అని వాదించవచ్చు. కానీ పెద్ద సమాజం అదే ఇటుకతో గోడ కడితే ఏమవుతుందో అహ్మదాబాద్‌లో జుహాపురాను చూడండి.

'మీరే ఒకచోట గుంపుగా ఉంటారు, ఎవరితోనూ కలవరు' అని మమ్మల్ని నిందిస్తారు. ఈ నింద వేసేవాళ్లకు పాతబస్తీ చరిత్ర తెలుసా? 1591లో చార్మినార్ చుట్టూ ఊరు వేసినప్పుడు అది ముస్లింల ఊరని వేయలేదు. శాలిబండలో మహారాజా కిషన్ పర్షాద్ దేవ్‌డీ ఉండేది. అక్కన్న మాదన్నల గుడి ఉంది. లాల్‌దర్వాజా సింహవాహిని అమ్మవారి బోనం ఈ గల్లీల్లోంచే ఇప్పటికీ కదులుతుంది. 1908 మూసీ వరదలో వేలమంది చనిపోయారు. వరద ఎవరి మతమూ అడగలేదు. ఆ తర్వాత వచ్చిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు బస్తీలను కూల్చి రోడ్లు వేసింది. ఉన్నవాళ్లు నదికి ఉత్తరాన తోటలున్న బంగళాలు కట్టుకుని వెళ్లారు. లేనివాళ్లు ఇక్కడే మిగిలారు.

1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. రజాకార్ల దౌర్జన్యాలు నిజం. వాటిని సమర్థించే పని మాకు లేదు. రజాకార్ల కత్తికి బలైనవాళ్లలో పాత్రికేయుడు షోయబుల్లా ఖాన్ కూడా ఉన్నాడు. కానీ యాక్షన్ తర్వాత జిల్లాల్లో ఏం జరిగింది? సుందర్‌లాల్ కమిటీ తక్కువలో తక్కువగా వేసిన అంచనాయే 27 వేల నుంచి 40 వేల మరణాలు. ఆ నివేదిక దశాబ్దాల పాటు బీరువాలో పడి ఉంది. ఉస్మానాబాద్ నుంచి, బీదర్ నుంచి, గుల్బర్గా నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్లు ఎక్కడ తలదాచుకున్నారు? తమలాంటి మనుషులున్న గల్లీలో. దాన్ని మీరు గుంపు అంటారు. మేం ప్రాణభయం అంటాం. 1990 డిసెంబరు అల్లర్లలో వందమందికి పైగా చచ్చిపోయాక, పాతబస్తీ హిందూ కుటుంబాలు అటు, అటువైపు ముస్లిం కుటుంబాలు ఇటు సామాను కట్టుకున్నాయి. ఏ మతస్తుడైనా పుట్టిన ఇల్లు సంతోషంగా వదిలిపోడు. కలిసి ఉన్న మొహల్లాలను ముక్కలు చేసింది అల్లర్లు. అల్లర్లు వాటంతటవే జరగవు.

ఇట్లా కుదించుకుపోయిన చోట జనం పెరుగుతారు, జాగా పెరగదు. దాంతో చెరువు శిఖంలో ప్లాట్లు వేస్తారు. వేరేచోట అద్దె దొరకనివాడు, బ్యాంకు అప్పు పుట్టనివాడు గల్ఫ్‌లో పదేళ్లు కాల్చుకున్న చెమటతో ఆ ప్లాటు కొంటాడు. 2020 అక్టోబరు వానలకు అల్ జుబైల్ కాలనీ, హాఫిజ్ బాబానగర్ మునిగినప్పుడు అందరూ 'చెరువులో ఇల్లెందుకు కట్టారు?' అని అడిగారు. మంచి ప్రశ్నే. చెరువును ప్లాట్లు చేసి అమ్మిందెవరు, రిజిస్ట్రేషన్ చేసిందెవరు, గట్టు మీద ఇల్లు ఇవ్వనిదెవరు అని కూడా అడిగితే పూర్తి ప్రశ్న అయ్యేది. మెట్రో రైలునే చూడండి. మొదటి దశ ప్రణాళికలో ఫలక్‌నుమా దాకా ఉన్న లైను 2020లో ఎంజీబీఎస్ దగ్గరికొచ్చి ఆగిపోయింది, సరిగ్గా నది ఒడ్డున. ఆ మిగతా అయిదారు కిలోమీటర్లకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. మూసీ దాటడానికి అంతసేపు పట్టింది రైలుకైతే, అభివృద్ధికి ఇంకెంతసేపు పట్టాలి?

ఇక రాత్రి సంగతి. ఒంటిగది ఇంట్లో ఎనిమిదిమంది ఉంటారు. ఉక్కకు లోపల నిద్ర పట్టదు. మగపిల్లలు ఇషా నమాజు అయ్యాక ఇంటి ముందు చబూత్రా మీద కూర్చుంటారు. తరతరాలుగా మా గల్లీలకు అదే పార్కు, అదే క్లబ్బు, అదే గ్రంథాలయం. 2015 ప్రాంతం నుంచి పోలీసులు 'ఆపరేషన్ చబూత్రా' అని పేరు పెట్టి అట్లా కూర్చున్న పిల్లల్ని వ్యానెక్కించడం మొదలుపెట్టారు. ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టి, తల్లిదండ్రుల్ని పిలిపించి, క్లాసు పీకారు. నెక్లెస్ రోడ్డు మీద అర్ధరాత్రి ఐస్‌క్రీం తినే పిల్లలది యువోత్సాహం, మొఘల్‌పురాలో చబూత్రా మీద ఛాయ్ తాగే పిల్లలది నేర స్వభావం! ఈ తేడాను ఏ శిక్షాస్మృతిలో రాశారు? తెల్లవారుజామున బస్తీని చుట్టుముట్టి ఇల్లిల్లూ సోదా చేసే కార్డన్ సెర్చ్‌లు పేద బస్తీలకే ఎందుకు? గేటెడ్ కాలనీలో ఒక్క దొంగ కారైనా ఉండదా?

నడిచిపోయే మనిషిని ఆపే ఈ అలవాటు నిన్నమొన్నటిది కాదు. 1978 మార్చిలో రాత్రి సినిమా చూసి వస్తున్న ఒక పేద ముస్లిం మహిళను నల్లకుంట పోలీసులు పట్టుకుపోయి అత్యాచారం చేశారు. అడిగిన ఆమె భర్తను, రిక్షా తొక్కుకునే మనిషిని, కొట్టి చంపారు. ఊరు భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులంది. కేసు కర్ణాటకలో రాయచూరుకు పోయింది, పోలీసులు నిర్దోషులుగా బయటికి వచ్చారు. కోర్టుల్లోనూ బయటా విచారణ మాత్రం ఆమె శీలం మీద జరిగింది. సినిమాకు పోయి రావడం ఆ దంపతులు చేసిన నేరం. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది, తర్వాత పోలీసుల కాల్పులు. చచ్చిపోయినవాళ్లూ మేమే, పట్టుకుపోయిందీ మా పిల్లల్నే. వాళ్లు నిర్దోషులని కోర్టులు తేల్చేసరికి చదువులు పోయాయి, ఉద్యోగాలు పోయాయి, నిశ్చితార్థాలు పోయాయి. ఆ తర్వాత నుంచీ మా తల్లులు కొడుకు సాయంత్రం బయటికి వెళ్తుంటే 'ఆధార్ కార్డు పెట్టుకున్నావా బేటా' అని అడుగుతున్నారు. మీ ఇంట్లో 'స్వెట్టర్ వేసుకున్నావా' అని అడుగుతారు కదా, అట్లా.

ఇది హైదరాబాద్ కథే అనుకోకండి. జిల్లాల్లో ఏ ఊరికి పోయినా సాయిబుల వీధి ఒకటుంటుంది. తురకల గల్లీ ఒకటుంటుంది. అక్కడ మాకు నవాబు శాలువా కూడా లేదు. ఉర్దూ సరిగా రాక హైదరాబాద్ వాళ్ల దగ్గర నవ్వులపాలై, తెలుగు బాగా వస్తే 'అరె, మీరు తురకోళ్లలాగే లేరే!' అన్న మెప్పు పొందేవాళ్లం. పీర్ల పండక్కి ఊరంతా మా వీధికి వచ్చేది. హిందువులే పీరెత్తేవారు, అలావా చుట్టూ అసైదులా ఆడేవారు. పదిరోజులు మా వీధి ఊరి నడిబొడ్డు. పదకొండో రోజున మళ్లీ సాయిబుల వీధి. ఆ పదిరోజుల్ని చూపించి 'చూడండి ఎంత సామరస్యమో' అని వ్యాసాలు రాసే మిత్రులు మిగతా రోజుల గురించి కూడా రాయాలి. ఇప్పుడైతే ఆ పదిరోజుల మీద కూడా రెండు వైపుల నుంచీ దాడి. మీ దేవుళ్లు కాదని వాళ్లకు ఒకరు చెబుతున్నారు. మన ఇస్లాం కాదని మాకు ఇంకొకరు చెబుతున్నారు.

మా లోపలి పెద్దలతో కూడా మాకు పేచీ ఉంది. గల్లీ ఎంత ఇరుకైతే ఓటు అంత భద్రమనుకునే నాయకులు మాకూ ఉన్నారు. బడికి, ఆసుపత్రికి, డ్రైనేజీకి కొట్లాడాల్సిన చోట ఆవేశపు ఉపన్యాసాలిచ్చి తమ ఇళ్లు మాత్రం విశాలమైన చోట కట్టుకుంటారు. దూదేకులవాడికి, ఖురేషీకి పిల్లనివ్వని సయ్యదులు సమానత్వం గురించి మింబరెక్కి చెబుతారు. అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇది: సాయంత్రం చబూత్రా మీద మా ఆడపిల్ల ఎందుకు లేదు? గల్లీ మగవాళ్ల సొత్తని ఏ కితాబులో ఉంది? గాజుల పనితో ఇల్లు నడిపే తల్లి సాయంత్రం గాలి పీల్చడానికి దాబా ఎక్కాల్సిందేనా? బయటివాళ్లు మా నడకకు గోడ కడుతున్నారని అడిగే హక్కు, మా ఇళ్లలో కట్టిన గోడను కూడా ప్రశ్నించినప్పుడే గట్టిపడుతుంది. ఈ మాట మా చెల్లెళ్లు ఎప్పటినుంచో అంటున్నారు. వినాల్సింది మగవాళ్లు.

లౌకికవాద మిత్రులకు చివరిగా కొన్ని మాటలు. గంగా-జమునీ తహజీబ్ అని మీరు సభల్లో అంటుంటారు. ఆ మాట మాకూ ఇష్టమే. కానీ గంగ ఒక కాలనీలో, జమున ఇంకో కాలనీలో ఉంటే సంగమం ఎక్కడ? ఏడాదికోసారి హలీం తినడంతో అది జరగదు. మీ అపార్టుమెంటు సంఘం సమావేశంలో 'వాళ్లకు ఇవ్వొద్దు' అని ఎవరో అన్నప్పుడు మీరు నోరు విప్పారా? మీ ఇంటి పై పోర్షన్ ఖాళీ అయినప్పుడు బోర్డు మీద ఏం రాశారు? కవిత్వంలో మా కోసం కన్నీళ్లు పెట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్లు ఎంతమంది?

మాకు జాలి అక్కర్లేదు, పొగడ్త అంతకంటే అక్కర్లేదు. ఇల్లు అద్దెకివ్వడంలో, అమ్మడంలో మతమూ కులమూ అడగడం నేరమని చట్టం కావాలి. చబూత్రా మీద కూర్చోవడం నేరం కాదని పోలీసులకు ఎవరైనా చెప్పాలి. తప్పుడు కేసుల్లో ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లకు హక్కుగా పరిహారం అందాలి. నది ఇటువైపు కూడా నగరమేనని బడ్జెట్ లెక్కల్లో కనిపించాలి. అప్పుడు రండి, మీ గల్లీ నుంచి మా గల్లీకి, మా గల్లీ నుంచి మీ గల్లీకి కలిసి నడుద్దాం. అప్పటిదాకా దాన్ని షికారు అనకండి. ఒకరు చూస్తూ ఉంటే, ఇంకొకరు సోదాకు నిలబడి ఉండడం షికారు కాదు.